అపొలెనత్త హద్దురాళ్లు

1952 అక్టోబరులో ఒక ఉదయం, అపొలెనా షిండెల్కొవా చేత ఆమె తండ్రి పొలం హద్దురాళ్లను ఆమె చేతులతోనే పీకించారు. అప్పటికి ఆమెకు ఇరవై ఆరేళ్లు. తండ్రి జైల్లో ఉన్నాడు. పదహారు హెక్టార్ల పొలం ఉండటం, ప్రభుత్వానికి ఇవ్వాల్సిన పాలూ గుడ్లూ తక్కువ ఇవ్వడం ఆయన నేరాలు. ఊళ్లో అప్పుడే ఉమ్మడి సేద్యం సంఘం పెట్టారు. చిన్న చిన్న నేలచెక్కల మధ్య ఉన్న గట్లన్నీ దున్నేసి ఒకటే పొలం చేయాలి. గట్లు దున్నడానికి మగాళ్లు చాలామందే ముందుకొచ్చారు. రాళ్లు పీకడానికి మాత్రం ఒక్కడూ రాలేదు.

మా యాలోవ్కాలో హద్దురాయి కదిపినవాడికి చచ్చాక నిద్ర ఉండదు. ఒళ్లంతా మండుతూ, ఆ రాయి భుజాన మోసుకుంటూ పొలాల మీద తిరుగుతాడు. ఎదురైన వాళ్లనల్లా "దీన్నెక్కడ పెట్టను?" అని అడుగుతాడు. నిప్పుమనిషి అంటాం. మా ఊళ్లో దేవుణ్ణి నమ్మేవాళ్లు పదిమంది ఉంటారేమో గానీ నిప్పుమనిషిని నమ్మనివాళ్లు ఒక్కరూ లేరు. సంఘం అధ్యక్షుడు లియొపోల్డ్ బ్రిఖ్తా అప్పటికే ఇంట్లో సిలువ తీసేసి ఆ మేకుకి ఎర్రజెండా తగిలించాడు. ఆయన కూడా రాయి ముట్టలేదు. "షిండెల్కా రాళ్లు షిండెల్కా కూతురే పీకుతుంది" అన్నాడు.

తొమ్మిది రాళ్లు. ఒక గడ్డపార, ఒక గొలుసు, ఒక గుర్రం. మధ్యాహ్నానికల్లా పని అయిపోయింది. ఊరంతా కళ్లాల దగ్గర నిలబడి చూసింది. ఇదంతా నేను పుట్టకముందు సంగతి. అయిదుగురు నాకు అయిదు రకాలుగా చెప్పారు. ఆమె ఏడవలేదన్న మాట మాత్రం అందరూ చెప్పారు. చూస్తున్న తాము ఏం చేశారో ఎవరూ చెప్పలేదు.

వారం తిరక్కుండానే తల్లీకూతుళ్లను లారీ ఎక్కించి వేరే జిల్లాకు పంపేశారు. ఎనిమిదేళ్ల తర్వాత అపొలెనా ఒక్కతే తిరిగొచ్చింది. తమ ఇల్లు సంఘం ఆఫీసు అయిపోయింది కాబట్టి ఊరి చివర పాత కమ్మరి గదిలో ఉంది. సంఘం కొట్టంలో ముప్పై ఏళ్లు ఆవుల పాలు పిండింది. నా చిన్నప్పటి నుంచీ ఊరికంతటికీ ఆమె అపొలెనత్తే. రబ్బరు బూట్లు, నల్ల తలగుడ్డ, పాలు పిండీ పిండీ విచ్చుకోవడం మర్చిపోయిన వేళ్లు.

ఊరి గురించి చెప్పుకోవడానికి పెద్దగా ఏమీ లేదు. నలభై ఒక్క ఇళ్లు, ఒక చెరువు, గుట్ట మీద చిన్న ప్రార్థన గుడి. ఆ గుడి కప్పుకి ఉత్తరపు వాలు మీద పడ్డ వాన ఒక సముద్రానికీ, దక్షిణపు వాలు మీద పడ్డది ఇంకో సముద్రానికీ పోతుందని మావాళ్లు గొప్పగా చెప్పుకుంటారు. నీళ్లకున్న పాటి తెలివి మనుషులకు లేదు, ఎవరూ ఎటూ పోరు. ఊరి గ్రంథాలయం మూసేసినప్పుడు పుస్తకాలు గోనెసంచుల్లో కట్టి ట్రాక్టరు షెడ్డులో పడేశారు. ఎలుకల కంటే ముందు నేను చదివాను. అందులో జిల్లా చరిత్ర ఒకటుంది. యాలోవ్కాకు దాంట్లో దక్కింది మూడే వాక్యాలు: పధ్నాలుగో శతాబ్దంలో ఈ పేరు మొదటిసారి కాగితం మీద కనిపించింది, ఒక యుద్ధంలో ఊరు తగలబడింది, ఇక్కడ బంగాళాదుంపలు పండుతాయి. పొలాల పేర్లు అందులో లేవు. ఆకలిచెక్క, కుందేలు పడక, వితంతువు మూల, పాత బట్టీ. ఇప్పుడు ఇవన్నీ కలిపి ఏడో నంబరు బ్లాకు. ఆ బ్లాకు దున్నే ట్రాక్టరు నాది. నాదంటే సంఘానిది, సీటు మాత్రం నాది.

ప్రభుత్వం మారాక పొలాలు పాత యజమానులకు తిరిగిచ్చారు. కాగితం మీద. అపొలెనత్తకు కూడా ఒక కాగితం వచ్చింది. పొలం మాత్రం ఎప్పటిలాగే సంఘం దున్నుతోంది, సంఘానికి కొత్త పేరూ, స్తెయ్‌స్కల్ అనే కొత్త మేనేజరూ వచ్చారు. అంతే తేడా.

1993 ఏప్రిల్లో నేను ఏడో బ్లాకు దున్నుతుంటే కర్రు దేనికో తగిలి ట్రాక్టరు ముక్కు పైకి లేచింది. దిగి చూస్తే రాయి. మామూలు రాయి కాదు. నాలుగు పక్కలా చెక్కి, నెత్తిన సిలువ గుర్తు కొట్టిన హద్దురాయి. బూతులు తిడుతూ తలెత్తేసరికి చాళ్ల మధ్యలోంచి అపొలెనత్త వస్తోంది.

"కర్రు విరిగిందా?"

"విరగలేదు, వంగింది. ఎవడు పెట్టాడీ రాయి?"

"ఎవడూ కాదు. నేనే."

"నీకేమన్నా పిచ్చా అత్తా? యాభై కిలోలుంటుంది!"

"అరవై. కొట్టం వెనకాల కుప్పలో పడున్నాయిగా, అక్కణ్ణుంచి తోపుడు బండిలో తెచ్చా. మూడు రోజులు పట్టింది. దార్లో ఒకసారి పడ్డాం కూడా. రాయికేం కాలేదు."

ఆమె పావడా ఎత్తి చూపించిన మోకాలు నల్లగా కమిలి ఉంది. ఎందుకని అడగనక్కర్లేదు. యాలోవ్కాలో పుట్టినవాడికి ఆ సంగతి వేరే చెప్పాలా? తొమ్మిది రాళ్లు ఆమె భుజాన ఉన్నాయి. పోయేలోపు దించుకోవాలి. తీసినచోటే పెడితే తప్ప అవి దిగవు.

స్తెయ్‌స్కల్‌కు చెప్పాను. "తీసి చెరువులో పారెయ్" అన్నాడు. "పొలం కాగితం చేతికిచ్చాం. ఇంకేం కావాలంట ముసల్దానికి? వచ్చే నెల కొత్త నాగలి వస్తోంది, అది జర్మనీ నుంచి వస్తోంది, రాళ్ల కోసం కాదు."

మర్నాడు గొలుసు తీసుకుని వెళ్లాను. ఆమె అప్పటికే ఆ రాయి మీద గోనెసంచి మడత వేసుకుని కూర్చుని ఉంది.

"లే అత్తా. నాకు చెప్పిన పని ఇది."

"తెలుసు. గొలుసు ఇటియ్యి."

"నీకెందుకు?"

"నేనే కడతా. నువ్వు ముట్టుకోవద్దు లుబోర్."

"ఆ కబుర్లు నేను నమ్మను."

"నమ్మకు, నిన్నెవరడిగారు? నాకెలాగూ తొమ్మిదున్నాయి. దీన్ని ఇంకోసారి పీకినా నాకు కొత్తగా వచ్చేదేం లేదు. నువ్వు కుర్రాడివి. ఇంకా పెళ్లి కూడా కాలేదు."

అని, తడి మట్టిలో మోకాళ్ల మీద కూర్చుని, ఆ కమిలిన మోకాలు నొప్పికి మొహం ముడుచుకుంటూ, గొలుసు రాయి చుట్టూ తిప్పసాగింది. ఒకప్పుడు ఊరి మగాళ్లందరూ తమ మీదికి రాకుండా ఆమె మీదికి తోసిన పని. ఇప్పుడు నా మీదికి రాకుండా ఆమె తనంతట తనే చేస్తోంది. నాకు ఎవరి మీదో చెప్పలేని కోపం వచ్చింది. గొలుసు లాక్కుని ట్రాక్టరు మీదికి విసిరేశాను.

"ఏరా, ఏమైంది?"

"ఏం కాలేదు. నాగలి ముప్పై సెంటీమీటర్లు పోతుంది. కొత్తదైతే ముప్పై అయిదు. రాయి తల అంతకంటే కిందికి దించితే ఎవడికీ తెలియదు."

ఆమె చాలాసేపు ఆలోచించింది. "కనపడని రాయి హద్దెలా అవుతుందిరా?"

"నీకు కనపడుతుందిగా."

"అవునులే" అంది చివరికి. "సాక్షులు కూడా కిందేగా ఉన్నాయి."

ఆ సాక్షుల సంగతి నాకు అప్పుడే తెలిసింది. 1934లో ఆమె తండ్రి మతౌష్ పక్కవాళ్ల చెక్క కొని కొత్త హద్దు వేశాడు. రాళ్లు పాతేముందు ఆమె తల్లి పుట్టింటి నుంచి తెచ్చుకున్న నీలిపువ్వుల జాడీని అందరి ముందూ పగలగొట్టి, ఒక్కో గోతిలో ఒక్కో పెంకు, కాస్త బొగ్గు వేసి, పైన రాయి నిలబెట్టారు. రాయిని ఎవడైనా రాత్రికి రాత్రి జరిపినా అడుగున పెంకు అసలు చోటు చెబుతుంది. రాళ్లు పీకిన రోజు అపొలెనత్త ఆ పెంకులను ముట్టుకోలేదు. గొయ్యి పూడ్చే వంకతో ఒక్కోదాని మీద మట్టి కాలితో తొక్కింది. అది మాత్రం బ్రిఖ్తాకు తెలియదు.

"చోట్లు నీకెలా గుర్తున్నాయి? గట్టు లేదు, చెట్టు లేదు, అంతా ఒకటే దుక్కి."

"కొట్టారుగా. రాయి పాతినప్పుడు ఇంట్లో మగపిల్లల్ని దాని దగ్గర నిలబెట్టి లెంపకాయ కొట్టేవాళ్లు, జన్మంతా గుర్తుండాలని. మా నాన్నకి నేనొక్కదాన్నే. ఎనిమిదేళ్లు నాకు. ప్రార్థన గుడి వైపు నిలబెట్టి ఫెడీమని కొట్టాడు. దెబ్బకి మొహం తిరిగి ఎదురుగా ఏం కనపడిందో అది ఇప్పటికీ కళ్లముందే ఉంది. ఒక చోట పక్కూరి చర్చి కొన. ఒక చోట చెరువు తూము. అలా."

"తొమ్మిది దెబ్బలా!"

"మొదటి ఆరు గట్టివే. ఏడో దగ్గరికొచ్చేసరికి మా నాన్న ఏడుపు మొదలెట్టాడు. అది కాస్త తక్కువ. ఎనిమిదీ తొమ్మిదీ ఉత్తుత్తివి, ఊరికే చెంప నిమిరినట్టు." ఆమె నవ్వింది. "అందుకే ఆ రెండూ సరిగ్గా గుర్తులేవు."

ఆ మొదటి రాయిని ఆ రోజే దించాం. ఆమె చెప్పినచోట మోకాలి లోతు దాటి తవ్వేసరికి పార అంచుకు ఏదో గీరుకుంది. మట్టి తుడిచి చూస్తే అరచేతిలో పట్టేంత పెంకు, మీద సగం పువ్వు. అపొలెనత్త దాన్ని చెక్కిలికి ఆనించుకుని కళ్లు మూసుకుంది. తర్వాత మళ్లీ అదే చోట, అదే వైపు తిప్పి పెట్టింది. ట్రాక్టరు ముందు కొక్కేనికి కట్టి రాయి దించాను. స్తెయ్‌స్కల్‌కు రాయి తీసేశానని చెప్పాను. నా ఉద్యోగంలో నేను మనస్ఫూర్తిగా చెప్పిన అబద్ధం అదొక్కటే.

బంగాళాదుంపల తవ్వకాలయ్యాక, సెప్టెంబరు నుంచి ప్రతి ఆదివారం ఒక రాయి. ఆమె ఎండు పుట్టగొడుగుల సూపు డబ్బాలో పోసుకుని, గసగసాల బన్నులు మూట కట్టుకుని వచ్చేది. ఒక చోట నిలబడి, గుడి వైపు చూసి, ఎవరో కొట్టినట్టు తల ఒక్కసారి పక్కకు తిప్పేది. "ఇక్కడ" అనేది. తవ్వితే పెంకు ఉండేది. నాలుగో రాయి దగ్గర మాత్రం రెండు అడుగులు తేడా వచ్చింది. "ముసల్దాన్నయ్యా, ఎత్తు తగ్గానుగా" అని గోనెసంచి మడిచి దాని మీద నిలబడబోయింది.

"ఎనిమిదేళ్ల పిల్లవి అప్పుడు. ఇప్పుడే ఎత్తున్నావు. వంగు."

"అదీ నిజమే" అని వంగి చూసి చోటు మార్చింది.

అయిదో రాయి కుప్పలో లేదు. అది ఎక్కడుందో ఊరందరికీ తెలుసు. లియొపోల్డ్ బ్రిఖ్తా దాన్ని అప్పుడే ఇంటికి చేర్పించుకుని గుమ్మం ముందు మెట్టుగా వేసుకున్నాడు. తన చేత్తో ముట్టకుండా, బండివాడి చేత దొర్లించి. ఇప్పుడాయనకు డెబ్బై అయిదేళ్లు, రెండు చేతికర్రలు. మేం వెళ్లేసరికి గుమ్మంలోనే ఉన్నాడు.

"పోల్డీ, నీ మెట్టు కావాలి" అంది అపొలెనత్త.

"దేనికి?"

"నాది కాబట్టి."

"నలభై ఏళ్ల నుంచీ తొక్కుతున్నా."

"చూశాలే. వానాకాలంలో బూట్లు కూడా బాగా గీక్కునేవాడివి."

"నా మోకాళ్లు చూశావా? మెట్టు లేకపోతే కిందికెట్లా దిగను?"

"దిగకు. ఇంట్లోనే కూర్చో. ఊరికి మంచిది."

ఆయన మొహం ఎర్రబడింది. "ఆ రాళ్లు నేను పీకలేదు అపొలెనా. నువ్వే పీకావు."

"అవును, నేనే. అందుకే నేనే పెట్టాలి. నువ్వు ముట్టుకోకు, కాస్త పక్కకి జరుగు. నేనెత్తుతుంటే చూడటం నీకు కొత్తేం కాదుగా."

ఆయన జరిగాడు. ఒక్క మాట అంటాడేమోనని నేను ఎదురుచూశాను. చిన్న మాట చాలు. అనలేదు. మా ఊరివాళ్లు మాటలు బంగాళాదుంపల్లా నేలమాళిగలో దాచుకుంటారు, అక్కడే మొలకలొచ్చి పాడైపోతాయి. నేను రాయి లేపి ట్రాలీలో వేసుకుని బయల్దేరబోతుంటే అపొలెనత్త చెయ్యెత్తి ఆపింది. ట్రాలీ మూలన గోనెపట్టా కింద రెండు సిమెంటు దిమ్మలున్నాయి. పొద్దున్నే నా చేత ఎక్కించింది, ఎందుకో చెప్పలేదు.

"అవి అక్కడ వెయ్" అంది. "దగ్గర దగ్గరగా, కదలకుండా. ఆయన మోకాళ్లు నిజంగానే బాగాలేవు."

నాకు ఒళ్లు మండింది. ఆ మంటతోనే గంటసేపు దిమ్మలు కుదురుగా కూర్చోబెట్టాను. ఆమె పక్కన నిలబడి ఇటు ఎత్తు, అటు దించు అంటూనే ఉంది. చివరికి తనే ఎక్కి దిగి చూసి, ఒప్పుకుంది.

ఆరూ ఏడూ అయ్యాయి. ఎనిమిదో దగ్గర ఆగిపోయాం. ఆమె తల తిప్పి చూసింది, మళ్లీ నిలబడి మళ్లీ తిప్పింది. తలకు దారి తెలియలేదు. మూడు గోతులు తవ్వాను, రాళ్లూ వేళ్లే తప్ప పెంకు లేదు. నాలుగోది మొదలుపెడుతుంటే వెనక నుంచి గొంతు వినిపించింది.

"అక్కడ కాదు. ఇంకా వాలు కిందికి."

బ్రిఖ్తా. రెండు కర్రల మీద, దున్నిన నేలలో, ఇంటి నుంచి అంత దూరం ఎలా వచ్చాడో. రొప్పుతున్నాడు.

"నీకెలా తెలుసు?" అన్నాను.

"చూశాగా ఆ రోజు. దీని దగ్గర గుర్రం మొరాయించింది. గొలుసు తెగింది. ఈ అపొలెనా పడింది కింద. ఇక్కడ, ఈ వాలులో." కర్రతో నేల మీద పొడిచాడు.

అపొలెనత్త ఆయన వైపు చూడకుండా నాతో, "తవ్వు" అంది. రెండడుగుల్లో నీలిరంగు కనిపించింది.

 ఆమె సూపు డబ్బా మూత తీసి, అందులోనే పోసి ఆయనకిచ్చింది. ఆయన నిలబడే తాగాడు.

"తొమ్మిదోది ఎక్కడ పోల్డీ?"

ఆయన మూత వంక చూస్తూ ఉన్నాడు. "అది నేను చూడలేదు."

"ఊరంతా చూసింది."

"ఊరు చూసిందేమో. నేను అప్పటికి ఇంటికెళ్లిపోయా."

"పనేమన్నా ఉండిందా?"

"లేదు." మూత తిరిగిచ్చాడు. "చూడలేకపోయా."

తొమ్మిదో రాయి గురించి ఊళ్లో ఇంకా బతికున్న నలుగుర్నీ అడిగాను. నలుగురూ నాలుగు వైపులు చూపించారు. ఆ ఏడు నేల గడ్డకట్టే దాకా, మరుసటి ఏడు వసంతం, మళ్లీ శరత్తు, వీలు దొరికిన ప్రతి ఆదివారం తవ్వాను. జిల్లా కేంద్రానికి పోయి పాత పటం నకలు కూడా తెచ్చాను. పటంలో గీత ఉంది గానీ, ఆ గీత మందమే నేల మీద నాలుగు మీటర్లు. స్తెయ్‌స్కల్‌కు సంగతి తెలిసిపోయి నన్ను ట్రాక్టరు దింపి కొట్టంలో వేశాడు. గోతులు తవ్వడం మాత్రం నేను ఆపలేదు. అపొలెనత్త మొదట్లో వచ్చి పక్కన కూర్చునేది. తర్వాత కిటికీలోంచి చూసేది. తర్వాత మంచం పట్టింది.

1995 ఫిబ్రవరిలో అపొలెనత్త పోయింది. మిగిలిన రాయిని సమాధి మీద పెడదామని కొందరన్నారు. అది సమాధి రాయి కాదు, నేను ఒప్పుకోలేదు. ఇప్పుడు మా పెరట్లో ఉంది, దాని మీద ఎవర్నీ కూర్చోనివ్వను. శవపేటిక వెనకాల బ్రిఖ్తా కర్రలతో గుట్ట మీది సమాధుల దాకా నడిచాడు. పట్టుకోబోయిన వాళ్లను విదిలించుకున్నాడు.

ఆమెను నేను చివరిసారి చూసింది అంతకు వారం ముందు. మంచం పొయ్యి పక్కకు జరిపి ఉంది. బయట కిటికీ అంచు దాకా మంచు. పద్నాలుగో గొయ్యి కూడా ఖాళీయేనని, నేల కరిగాక చెరువు వైపు నుంచి మొదలుపెడతానని చెప్పాను.  ఆమె నా చేతులు పట్టుకుని తిప్పి చూసింది. పార పిడికి కాయలు కాసి ఉన్నాయి. వాటిని బొటనవేలితో రుద్దుతూ, అలసిపోయిన చిన్నపిల్లను నిద్రపుచ్చే గొంతుతో అంది:

"ఇక చాల్లేరా. ఎనిమిది దించావు. ఒక్కటంటే ఎంత బరువని? అది నేను మోసుకుపోతా. మా నాన్న కనపడితే ఎక్కడ పెట్టాలో ఆయన్నే అడుగుతా, ఆయనకి తెలియకపోతే ఇద్దరం కలిసి వెతుక్కుంటాం. అటెళ్లాక మాత్రం ఊరికే కూర్చుని ఏం చేస్తాం చెప్పు? లే, లేచి ఆ పొయ్యిలో ఒక కట్టె వెయ్. నీ చేతులు చల్లగా ఉన్నాయి."